కువైట్‌లో "కల్లివెల్లి": తప్పు ఎవరిది? శిక్ష ఎవరికి?

(మా రాయచోటి విలేకరి)

రాయచోటి: ఫలానా వారి కోడలు కల్లివెల్లి అయిందట అంటే రాయచోటి, రాజంపేట, రైల్వేకోడూరు, లక్కిరెడ్డిపల్లె ప్రాంతాల్లో అర్థం కాని వారుండరు. కర్నూలు వైపు పాఠకులకు మాత్రం కొంచెం విడమరచి చెప్పవలసి ఉంటుంది. అరబ్బీలో "ఖల్లీ వల్లీ" అంటే పోనీలే, వదిలెయ్ అని అర్థం. గల్ఫ్‌కు పోయిన మనవారు ఆ మాటకు వేరే అర్థం తగిలించారు. పనికి కుదిరిన సేటు ఇంటినుంచి బయటపడి, చేతిలో చెల్లే కాగితం లేకుండా, పోలీసుల కంటబడకుండా అక్కడే బతుకుతున్న మనిషి కల్లివెల్లి. పత్రికలు "అక్రమ వలసదారు" అని రాసేది ఈ మనిషినే.

వీరు చేసింది నేరమా, కాదా అన్న వాదన మన పల్లెల్లో కొత్తది కాదు. ఎవరి ఇంటి మనిషి కల్లివెల్లి అయితే వారికి అది కష్టం, తక్కినవారికి అది తప్పు. రచ్చకట్ట మీద ఈ వాదన ఎంతసేపు సాగినా ఒక సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

దొంగదారిన పోయినవారు కారు

కువైట్‌లోని మన కల్లివెల్లిలలో అత్యధికులు సరిహద్దు కంచె దూకి పోయినవారు కారు. పాస్‌పోర్టు మీద వీసా ముద్ర వేయించుకుని, చెన్నైలోనో హైదరాబాదులోనో పట్టపగలు విమానం ఎక్కి పోయినవారే. పోయిననాడు వారు సక్రమంగా ఉన్నవారే. మరి అక్రమం ఎప్పుడయ్యారు?

అక్కడి పద్ధతి తెలిస్తే ఇది అర్థమవుతుంది. కువైట్‌లో పనికి పోయే పరాయి దేశస్థునికి ఒక కఫీలు ఉండాలి. కఫీలు అంటే పూచీదారు, మనవారి భాషలో సేటు. అతని పేరు మీదనే అకామా, అంటే నివాస అనుమతి, వస్తుంది. ఇంటి పనివారికి, ఇంటి డ్రైవర్లకు, తోటమాలికి ఇచ్చేది 20వ నంబరు వీసా. కంపెనీల్లో, దుకాణాల్లో పనిచేసే వారికి 18వ నంబరు. మన ప్రాంతపు ఆడవారు పోయేది ఎక్కువగా 20వ నంబరు మీదనే. దీన్నే ఖద్దామా వీసా అంటారు.

ఖద్దామా వీసా మీద పోయిన మనిషి ఆ ఒక్క సేటు ఇంట్లోనే పని చెయ్యాలి. ఆయన ఒప్పుకోకుండా మామూలుగా వేరే ఇంటికి మారడానికి వీలు లేదు. ఇల్లు విడిచి పోతే సేటు పోలీసులకు పరారీ అని ఫిర్యాదు ఇస్తాడు. అంతే. నిన్నటిదాకా సక్రమంగా ఉన్న మనిషి ఈరోజు అక్రమం అవుతుంది. ఆమె ఎందుకు పోయిందని ఆ ఫిర్యాదు కాగితం అడగదు. జీతం ఇవ్వనందుకు పోయినా, అన్నం సరిగా పెట్టనందుకు పోయినా, చెయ్యి చేసుకున్నందుకు పోయినా, బయట నాలుగు దీనార్లు ఎక్కువ వస్తాయని పోయినా అదే కాగితం, అదే ముద్ర.

మన కర్నూలు జిల్లా పడమటి ఊళ్ళ నుంచి, కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి, జనం ఏటా సుగ్గికని గుంటూరు మిరప చేలకు పోతారు. ఇళ్ళకు తాళాలు వేసి, ముసలివారిని విడిచి పోతారు. వారి కష్టం తక్కువదని ఎవరూ అనరు. కానీ మేస్త్రీతో పొసగకపోతే పక్క చేనులో మిరపకాయలు కొయ్యవచ్చు, లేదా మూట కట్టుకుని ఇంటికి రావచ్చు. దేశంలో ఎక్కడికైనా పోయే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది. మేస్త్రీని విడిచినందుకు ఎవరూ పరారీ కేసు పెట్టరు. కష్టం ఒకటే అయినా కువైట్ మనిషికి ఈ వెసులుబాటు లేదు. మొత్తం వ్యవహారం ఇక్కడే ఉన్నది.

రెండు వైపుల మాట

తప్పే అనేవారి మాట కొట్టిపారేయదగినది కాదు. ఒక దేశంలో ఎవరు ఉండాలో, ఎంతకాలం ఉండాలో నిర్ణయించుకునే అధికారం ఆ దేశానిది. మన ఇంట్లో ఎవరు ఉండాలో మనం చెప్పమా? అదీగాక సేటు కూడా ఊరికే మనిషిని తెచ్చుకోడు. అక్కడి ఆఫీసుకు వందల దీనార్లు కట్టి తెచ్చుకుంటాడు. వచ్చిన మూడు నెలలకే మనిషి పోతే అతని సొమ్ము పోయినట్లే. అతని ఇంట్లోనూ మంచం పట్టిన ముసలివారు ఉండవచ్చు, చంటిపిల్లలు ఉండవచ్చు. సేట్లందరూ రాక్షసులు కారు. ఒకే ఇంట్లో పదిహేనేళ్ళు, ఇరవై ఏళ్ళు చేసి, ఆ ఇంటి పిల్లల పెళ్ళిళ్ళు కూడా చూసి వచ్చిన ఆడవారు మన మండలాల్లో ఉన్నారు.

మాట ఇచ్చి తప్పడం తప్పు కాదా అని కూడా అడుగుతారు. సబబైన ప్రశ్నే. బయట గంటల లెక్కన నాలుగిళ్ళలో పని చేస్తే ఎక్కువ వస్తుందని, మంచి సేటునే విడిచి పోయినవారు లేకపోలేదు. ఇందులో ఇంటివారి పాత్ర కూడా ఉన్నది. బోరు వెయ్యాలి, మిద్దె వెయ్యాలి, చెల్లెలి పెళ్ళి ఉంది, ఇంకొంచెం పంపు అని ఇక్కడినుంచి ఫోన్ల మీద ఫోన్లు చేస్తే అక్కడి మనిషి ఏం చేస్తుంది? బయట పడుతుంది. ఆ డబ్బు తీసుకున్న ఇంటికే తరువాత కల్లివెల్లి అన్న మాట నామర్దా అవుతుంది.

ఇక రెండో వైపు. కువైట్‌లో ఇంటి పనివారికి అసలు చట్టమే లేని రోజులు చాలా ఏళ్ళు గడిచాయి. 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదు. వారానికి ఒకరోజు సెలవు. ఏడాదికి జీతంతో కూడిన సెలవు. పనిమనిషి పాస్‌పోర్టును సేటు తన దగ్గర పెట్టుకోరాదు. 2016లో కనీస జీతం నెలకు 60 దీనార్లని ప్రకటించారు. దీనారు 270 రూపాయలకు పైమాటే కాబట్టి మన లెక్కలో 16 వేల పైచిలుకు. కాగితం మీద ఇవన్నీ బాగానే ఉన్నాయి. ఇంటి గేటు దాటని, ఫోను చేతిలో లేని, అరబ్బీ చదవడం రాని ఒక ఆడమనిషి ఈ చట్టం కింద ఫిర్యాదు చెయ్యడానికి ఆఫీసు దాకా ఎట్లా పోవాలి? పోవాలంటే ముందు ఇల్లు దాటాలి. ఇల్లు దాటితే పరారీ. చట్టం ఇచ్చిన హక్కును వాడుకోవాలంటే చట్టం దృష్టిలో నేరస్థురాలు కావలసి రావడం విచిత్రం.

జీతం రాక, దెబ్బలు తిని బయటపడిన మనిషిని దొంగతో సమానంగా చూడటం న్యాయం కాదని ఈ విలేకరి అభిప్రాయం. ఎక్కువ డబ్బు కోసం బయటపడిన మనిషి ఒప్పందం తప్పింది, నిజమే. అయితే ఒప్పందం తప్పితే నష్టం కట్టమంటారు. మన ఊళ్ళో పాలేరు ఏడాది నిండకుండా మానుకుంటే పెద్దమనుషులు అడ్వాన్సు తిరిగి ఇప్పిస్తారు గాని స్టేషనుకు పంపరు గదా.

నిన్న నేరం, నేడు సక్రమం

సక్రమం, అక్రమం అన్న గీత దేవుడు గీసినది కాదని తెలుసుకోవడానికి కువైట్‌లోనే 2024లో జరిగినది చాలు. ఖద్దామా, డ్రైవరు వీసాల మీద ఉండి దుకాణాల్లో, కంపెనీల్లో పనిచెయ్యడం అక్కడ నేరం. ఆ ఏడాది జూలై 14 నుంచి సెప్టెంబరు 12 వరకు మాత్రం 20వ నంబరు వారు 18వ నంబరుకు మారవచ్చని ప్రభుత్వం గడువు ఇచ్చింది. సేటు ఒప్పుకోవాలి, ఆయన దగ్గర ఏడాది అయినా చేసి ఉండాలి, 50 దీనార్లు కట్టాలి. కంపెనీల్లో మనుషులు కావలసి వచ్చారు, తలుపు తెరిచారు. గడువు తీరింది, మూశారు. జూలైలో 50 దీనార్లతో సరిపోయిన సంగతి అక్టోబరులో మళ్ళీ నేరం. మనిషి మారలేదు, పని మారలేదు.

క్షమాభిక్షల సంగతీ ఇంతే. 2018లో జనవరి 29న మొదలుపెట్టి, ఫిబ్రవరి 22తో ముగియవలసినదాన్ని ఏప్రిల్ 22 దాకా పొడిగించారు. 2020 ఏప్రిల్‌లో మరోసారి ఇచ్చారు. అప్పుడు విమానం ఖర్చు కూడా తామే పెట్టుకుంటామని కువైట్ ప్రభుత్వం చెప్పింది. అయితే కరోనా కారణంగా మన దేశంలో విమానాలు దిగడం ఆగిపోయి ఉండటంతో, లొంగిపోయినవారు అక్కడి శిబిరాల్లో రోజుల తరబడి కాచుకోవలసి వచ్చింది. కువైట్ పొమ్మన్నది, స్వదేశం ఇప్పుడే రావద్దన్నది. ఆ శిబిరాల్లో మన కడప బిడ్డలు పడిన యాతన అప్పట్లో ఫోన్లలో చూసినవారు మరచిపోలేరు. మూడోసారి 2024 మార్చి 17 నుంచి జూన్ 17 వరకు ఇచ్చి, తరువాత జూన్ 30 దాకా పెంచారు. జరిమానా కట్టకుండా దేశం విడిచిపోవచ్చు, మళ్ళీ కొత్త వీసా మీద రావచ్చు. ఉండదలచినవారు జరిమానా కట్టి కాగితాలు సరిచేసుకోవచ్చు. గడువు దాటి పట్టుబడితే మాత్రం వేలిముద్రలు తీసి పంపేస్తారు. ఆ వేలిముద్రలతో మళ్ళీ కువైట్ గడప తొక్కలేరు.

జరిమానా ఎంతో చూద్దాం. అకామా లేకుండా ఉన్న ప్రతి రోజుకూ 2 దీనార్లు, అత్యధికంగా 600 దీనార్లు అన్నది అప్పటి లెక్క. పది నెలలు దాటితే 600 అవుతుంది. కనీస జీతం 60 దీనార్ల మనిషికి అది పది నెలల సంపాదన. మన డబ్బులో లక్షా అరవై వేల పైనే. పరారీ కేసు పెట్టి అకామా ఆపించిన సేటు, ఆమెకు ఏడాది జీతం బాకీ ఉన్నా సరే, ఆ జరిమానాలో పైసా పంచుకోడు. అన్నట్లు, క్షమాభిక్ష అన్న మాట కూడా చూడండి. తప్పు మొత్తం భిక్ష పుచ్చుకునేవారిదే అన్న తీర్పు ఆ పేరులోనే ఉన్నది.

అక్రమం మొదలయ్యేది మన ఊళ్ళోనే

రచ్చకట్ట వాదనల్లో ఎవరూ ఎత్తని సంగతి అని మొదట అన్నది ఇదే. కువైట్‌లో మనిషి అక్రమం కావడానికి చాలా ముందే, ఇక్కడ మన ఊళ్ళో ఒక అక్రమం జరిగి ఉంటుంది.

మన దేశంలో 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉన్నది. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. అలాంటివారు కువైట్ వంటి దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి అనుమతి కావాలి. కేంద్రంలో రిజిస్టరు చేసుకున్న ఏజెంటు తప్ప ఇతరులు మనుషులను విదేశీ పనికి కుదర్చడం నేరం. రిజిస్టరు అయిన ఏజెంటు కూడా 30 వేల రూపాయలు, దాని మీద పన్ను తప్ప సేవ పేరుతో ఇంకేమీ పుచ్చుకోరాదు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవారికి 30 ఏళ్ళు నిండి ఉండాలి. 2016 నుంచి ఇంటి పనికి పోయే ఈసీఆర్ ఆడవారిని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్న నిబంధన కూడా వచ్చింది. మన రాష్ట్రంలో ఓంక్యాప్ అనే సంస్థ అందుకే ఉన్నది.

ఊళ్ళలో జరుగుతున్నది వేరు. ఏజెంటు అంటే పట్నంలో బోర్డు కట్టిన ఆఫీసు కాదు. మన వీధి మనిషే. అక్కడ ఇరవై ఏళ్ళు చేసి వచ్చిన అక్కో, వరసకు బావో, పిన్నమ్మో. పైన ఇంకొకడు, వాడి పైన ఇంకొకడు. డబ్బు చేతికి చేయి, చీటీ ఉండదు. పదో తరగతి పాసు కాని పిల్లకు ప్రొటెక్టర్ అనుమతి రాదనుకుంటే దుబాయికో మస్కట్‌కో విజిట్ వీసా తీస్తారు. అక్కడినుంచి కువైట్ ఇంటికి చేరుస్తారు. చుట్టపుచూపుకు పోతున్నానని విమానాశ్రయంలో చెప్పమంటారు. 30 ఏళ్ళు లేకపోతే కాగితాల్లో ఏళ్ళు పెంచుతారు. అప్పటినుంచి ఆ పిల్ల పుట్టిన తేదీ కూడా అబద్ధమే అవుతుంది.

ఇలా పోయినందుకు పోగొట్టుకునేది ఏమిటో చాలామందికి తెలియదు. అనుమతి తీసుకుని పోయేవారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు కడితే ప్రమాదంలో చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలు వస్తాయి. విజిట్ వీసా మీద పోయిన మనిషి పనికి పోయినట్లే లెక్కలో లేదు గనుక ఇది ఉండదు. ఒప్పందం ఉండదు. ఏ ఇంటికి పోయిందో మన ప్రభుత్వం దగ్గర నమోదు ఉండదు. ఇంటి మనిషి రెండు నెలలు ఫోను చెయ్యకపోతే ఎవరిని అడగాలో ఇంటివారికి తెలియదు. ఏజెంటును అడిగితే బాగుందిలే అంటాడు.

30 ఏళ్ళ నిబంధన మీద కూడా వాదన ఉన్నది. చిన్నవయసు ఆడపిల్లలను కాపాడటానికి పెట్టినదే. అయితే ముందు తలుపు మూస్తే అవసరం ఉన్న మనిషి వెనుక తలుపు చూసుకుంటుంది. అక్కడ ఏజెంటు నిలబడి ఉంటాడు. సేటు 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ ఇస్తేనే ఇంటి పనికి ఆడవారిని పంపుతామని మన ప్రభుత్వం కొన్నేళ్ళు పట్టుబట్టింది. కువైట్ ఒప్పుకోలేదు. 2017లో ఆ షరతు ఎత్తివేయవలసి వచ్చింది. ఇంటి పనివారి మీద రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నది 2021 జూన్‌లో. మొదట మనవారు చమురు దేశాలకు పోవడం మొదలుపెట్టి అప్పటికి అర్ధశతాబ్దం కావస్తున్నది.

ఇప్పుడు శిక్షలు పక్కపక్కన పెట్టి చూడండి. రిజిస్ట్రేషను లేకుండా మనుషులను పంపిన ఏజెంటుకు 1983 చట్టం కింద పడగల అత్యధిక శిక్ష రెండేళ్ళ జైలు, రెండు వేల రూపాయల జరిమానా. రెండు వేలంటే ఏడెనిమిది దీనార్లు. వాడు పంపిన మనిషికి 600 దీనార్లు. మోసం, మనుషుల అక్రమ రవాణా సెక్షన్ల కింద కేసు పెడితే ఏజెంటుకు ఇంకా పెద్ద శిక్షే పడవచ్చు. కానీ కేసు పెట్టాలంటే ఎవరో ఒకరు ఫిర్యాదు ఇవ్వాలి. బావ మీద ఫిర్యాదు ఎవరిస్తారు? రేపు పెళ్ళిలో మొగం మొగం చూసుకోవాలి. పైగా రెండో కూతురిని పంపాలన్నా వాడే దిక్కు. ఊరు మొత్తానికి తెలిసిన నేరం స్టేషను రికార్డులోకి ఎక్కకపోవడానికి కారణం ఇదే. మన ప్రాంతంలో ఇది మాట్లాడుకోవలసిన సంగతి, మాట్లాడుకోని సంగతి.

మన గడపలో ఐతే?

మరొకటి కూడా చెప్పక తప్పదు. 2025 ఫిబ్రవరి 5న అమెరికా 104 మంది భారతీయులను చేతులకు సంకెళ్ళు వేసి సైనిక విమానంలో అమృత్‌సర్‌కు దింపినప్పుడు టీ అంగళ్ళ దగ్గర అందరూ బాధపడ్డారు. వారు మనలాగా కాక, నిజంగానే దొంగదారిన సరిహద్దు దాటినవారు ఎక్కువ. అయినా సంకెళ్ళు ఎందుకు అన్నారు. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి మన దేశంలో కొత్త ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం అమలులోకి వచ్చింది. పాస్‌పోర్టు, వీసా లేకుండా వచ్చిన విదేశీయునికి ఐదేళ్ళ దాకా జైలు లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. వీసా గడువు దాటి ఉంటే మూడేళ్ళ దాకా జైలు, మూడు లక్షల దాకా జరిమానా. దీన్ని అవే టీ అంగళ్ళ దగ్గర మెచ్చుకున్నారు. ఇంకా గట్టిగా ఉండాలన్నవారూ ఉన్నారు. అనవచ్చు, దేశం అన్నాక చట్టం ఉండాలి. కువైట్‌వాడు మన బిడ్డను చూసే చూపు కూడా సరిగ్గా ఇదేనని మాత్రం గుర్తు పెట్టుకుంటే వాదన కొంచెం నిదానంగా సాగుతుంది.

1983 చట్టం స్థానంలో కొత్తది తేవడానికి కేంద్రం 2025లో ముసాయిదా విడుదల చేసింది. ఏజెంట్ల శిక్షల మీద, వెనక్కి వచ్చినవారి సంగతి మీద మన ప్రాంతపు ఎమ్మెల్యేలు, ఎంపీలు నోరు విప్పవలసిన సమయం ఇది. ఎన్నికల్లో కువైట్ నుంచి చందాలు, ఓట్లు తెప్పించుకోవడంలో అన్ని పార్టీలవారూ చురుకుగానే ఉంటారు గదా.

పోదలచినవారు, ఇప్పటికే అక్కడ ఉన్నవారి ఇంటివారు కొన్ని సంగతులు తెలుసుకుని ఉండటం మంచిది. ఏజెంటు రిజిస్టరు అయినవాడా కాదా అన్నది ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో చూడవచ్చు. ఊళ్ళో ఇంటర్ చదివే ఏ పిల్లవాడైనా ఫోనులో చూసి చెప్పగలడు. డబ్బు ఇస్తే బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. విజిట్ వీసా మీద పనికి పొమ్మంటే అది పని వీసా కాదని తెలుసుకోవాలి. సేటు ఇంట్లో ఉండలేని పరిస్థితి వస్తే వీధిలో పరిచయమైనవారి గదికి కాక నేరుగా భారత ఎంబసీకి పోవాలి. అక్కడ ఆడవారికి ఆశ్రయం ఉన్నది. పాస్‌పోర్టు సేటు దగ్గర ఉండిపోయినా, పోగొట్టుకున్నా ఎంబసీవారు ఔట్‌పాస్ ఇస్తారు. దానికి పాత పాస్‌పోర్టు నంబరు అడుగుతారు. కాబట్టి విమానం ఎక్కకముందే పాస్‌పోర్టు, వీసా నకళ్ళు రెండు జతలు తీయించి, ఒకటి ఇంట్లో పెట్టెలోనూ, మరొకటి ఏజెంటుతో సంబంధం లేని చుట్టాల దగ్గరా ఉంచాలి.